డేవిడ్ కాసిడీ జీవితం: టీవీ చేసిన అన్యాయమా, చేతులారా చేసుకున్నదా?

పాతపాటలప్రియ

అమెరికా టీవీ నటుడు, గాయకుడు డేవిడ్ కాసిడీ 2017 నవంబరు 21న ఫ్లోరిడాలో పోయాడు. 67 ఏళ్లు. కాలేయం, మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి. ఎంత కాలం వృథా అయిపోయిందో అన్నదే ఆయన చివరి మాట అని కూతురు కేటీ బయటపెట్టింది. అది చదివినప్పటి నుంచి నాకు మనసు ఊరుకోవడం లేదు. ఆ కాలాన్ని వృథా చేసింది ఎవరు? ఆయనా, ఆయన మొహాన్ని అమ్ముకున్నవాళ్లా? టీవీ వాళ్లదే పెద్ద తప్పని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కాదనండి, వింటాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1970 సెప్టెంబరులో ఏబీసీ ఛానెల్‌లో ‘ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ’ అనే సీరియల్ మొదలైంది. భర్త పోయిన తల్లి, ఐదుగురు పిల్లలు కలిసి బ్యాండు పెట్టుకుని, రంగులేసిన పాత స్కూలు బస్సులో ఊరూరా తిరిగి పాడుతుంటారు. పెద్దకొడుకు కీత్ వేషం డేవిడ్‌ది. అప్పటికి 20 ఏళ్లవాడు. తల్లి వేషం వేసిన షర్లీ జోన్స్ నిజంగానే ఆయన సవతి తల్లి. వేరేవాళ్ల పాటకు పెదవులు కదిపితే చాలని ఆయన్ని తీసుకున్నారు. నేను పాడగలనని సంగీత నిర్మాత వెస్ ఫారెల్‌ని ఒప్పించి మైకు ముందు నిలబడ్డాడు. ఆ నవంబరులోనే ‘ఐ థింక్ ఐ లవ్ యూ’ అమెరికాలో నంబర్ వన్ పాట అయింది.

మొదట్లో జీతం వారానికి 600 డాలర్లు. పగలు షూటింగు, రాత్రి రికార్డింగు, శని ఆదివారాలు కచేరీలు. మరోవైపు లంచ్ బాక్సుల మీద, బబుల్‌గమ్ కార్డుల మీద, కామిక్ పుస్తకాల మీద ఆయన బొమ్మే. ఆ అమ్మకాల్లో తన వాటా తనకు రాలేదని 2011లో, ఆ సీరియల్ హక్కులున్న సోనీ కంపెనీ మీద కోర్టుకు వెళ్లాడు. అంటే 40 ఏళ్ల తర్వాత కూడా తన మొహానికి లెక్క అడుగుతూనే ఉన్నాడు.

డల్లాస్ మూర్తి

ప్రియగారూ, మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను. 20 ఏళ్ల వయసులో తక్కువ జీతానికి గొడ్డుచాకిరీ చేసినవాళ్లు లోకంలో కోకొల్లలు. ఈయనకు అవకాశాలు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ వచ్చాయి. 1978లో ‘పోలీస్ స్టోరీ’ సీరియల్‌లో చేసిన ఒక పాత్రకు టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు నామినేషన్ వచ్చింది. మీరు తిడుతున్న ఆ టీవీయే కదా ఇచ్చింది! 1983లో న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో నాటకం. 1985లో బ్రిటన్‌లో మళ్లీ హిట్ పాట. 1993లో షర్లీ జోన్స్ కొడుకు, తమ్ముడు షాన్‌తో కలిసి బ్రాడ్‌వేలో ‘బ్లడ్ బ్రదర్స్’. 1997లో లాస్ వేగాస్ ఎంజీఎం గ్రాండ్ హోటల్‌లో ఆయన షో నేను, మా ఆవిడ కలిసి చూశాం. పెద్ద స్టేజీ, కళ్లు చెదిరే సెట్టింగులు, వాటన్నిటి మధ్య ఈ సన్నటి మనిషి గంటన్నర జనాన్ని కట్టిపడేశాడు. ఆ రాత్రి చూసినవాడిగా చెబుతున్నా, టీవీ ఆయన్ని నాశనం చేసేయలేదు.

తర్వాతి సంగతులు చూడండి. 2010, 2013, 2014లలో మూడుసార్లు తాగి కారు నడిపి పట్టుబడ్డాడు. 2015లో దివాలా పిటిషన్ వేశాడు. ఇవి ఏ ఛానెల్ ఖాతాలో రాయాలి?

ఇంకో మాట. షాన్ కూడా అదే తండ్రి కొడుకు. 1977లో ‘హార్డీ బాయ్స్’ సీరియల్‌తో అన్నలాగే కుర్రకారుకు ఆరాధ్యుడయ్యాడు, అదే ఏడాది ఆయన పాటా నంబర్ వన్ అయింది. తర్వాత కలం పట్టి టీవీ రచయితగా, నిర్మాతగా స్థిరపడ్డాడు. తండ్రి ఒకడే, టీవీ ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

సీతమ్మధార శారద

మూర్తిగారూ, మీరు అడిగిన ప్రశ్నలోనే జవాబుంది. ‘పార్ట్రిడ్జ్’ మొదలైనప్పుడు షాన్‌కి పన్నెండేళ్లు. అన్న పడ్డ అవస్థంతా ఇంట్లో కూర్చుని చూశాడు. డేవిడ్‌కి ముందు అలా చూపించడానికి ఎవరున్నారు?

తండ్రి ఒకడేనన్నారు. కాదండీ, తండ్రి ఇద్దరికీ ఒకేలా దొరకలేదు. జాక్ కాసిడీ పేరున్న రంగస్థల నటుడు, టోనీ అవార్డు వచ్చినవాడు. మొదటి భార్యతో, అంటే డేవిడ్ తల్లితో, విడిపోయిన సంగతి కొడుక్కి చెప్పనే లేదు. వీధిలో ఆడుకుంటుంటే పక్కింటి పిల్లల నోట విన్నాడు డేవిడ్. ఆ పసివాడి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. తర్వాత కొడుకు పేరు తండ్రి పేరును మించిపోయింది, అది తండ్రికి మింగుడు పడలేదని డేవిడే చెప్పుకున్నాడు. 1976 డిసెంబరులో జాక్ తన ఇంట్లో అగ్నిప్రమాదంలో పోయాడు. ఆయనకూ తాగుడుండేది. టీవీని, డేవిడ్‌నీ ఇద్దర్నే బోనులో నిలబెడితే ఈ ఇల్లు తప్పించుకుంటుంది.

కర్నూలు కుర్రోడు

నేను ఈయన పేరు వినడం ఇదే మొదటిసారి. ఒక డౌట్. పాటలు సొంతంగా పాడినా ఆయన్ని నకిలీ అని ఎగతాళి చేశారని ఎక్కడో చదివాను. మన సినిమాల్లో ఒకరు పాడితే ఇంకొకరు నటిస్తారు, మనం ఏమీ అనుకోం కదా. అక్కడ ఎందుకంత పట్టింపు?

పాతపాటలప్రియ

మంచి ప్రశ్న తమ్ముడూ. నా కోపమంతా అక్కడే ఉంది.

మన దగ్గర ఘంటసాలగారు పాడితే రామారావుగారు, నాగేశ్వరరావుగారు పెదవులు కలిపారు. రికార్డు మీద ఘంటసాల పేరు ఉండేది కాబట్టి ఎవరి గొంతో అందరికీ తెలుసు. ఎవరి మర్యాద వాళ్లకు దక్కింది. పార్ట్రిడ్జ్ రికార్డుల్లో ఆ కుటుంబంలో పాడింది డేవిడ్, షర్లీ జోన్స్ ఇద్దరే. వాయిద్యాలన్నీ లాస్ ఏంజెలెస్‌లో ఆరితేరిన స్టూడియో కళాకారులు వాయించారు. టీవీలో మాత్రం చిన్న పిల్లలు కూడా డ్రమ్స్, గిటార్ వాయిస్తున్నట్టు చూపించారు. అదంతా ఉత్తుత్తిదేనని తెలిశాక జనం డేవిడ్ గొంతును కూడా అదే గాటన కట్టేశారు. ఆ మొత్తం ఏర్పాటులో నిజమైనదేదైనా ఉంటే అది ఆ గొంతే! దాన్నే నమ్మలేదు. పాడేవాడికి అంతకంటే అవమానం ఇంకేముంటుంది?

అందుకే 1972లో రోలింగ్ స్టోన్ పత్రిక ముఖచిత్రానికి బట్టల్లేకుండా ఫొటో దిగాడు. నేను కీత్‌ని కాను, వేరే మనిషిని అని చెప్పుకోవాలనే తపన అది. చిన్నప్పుడు నాకు తప్పుగా అనిపించేది. ఇప్పుడు చూస్తే జాలేస్తుంది.

1974 మే 26న లండన్ వైట్ సిటీ స్టేడియంలో కచేరీ. జనం ముందుకు తోసుకొచ్చారు. ఆ తొక్కిసలాటలో నలిగిన 14 ఏళ్ల అమ్మాయి నాలుగు రోజులకు చనిపోయింది. డేవిడ్ ఆ బరువును జీవితాంతం మోశాడు. ఇది కూడా స్వయంకృతమేనా మూర్తిగారూ?

డల్లాస్ మూర్తి

కాదు. ఆ విషయంలో నేను మీతోనే ఉన్నాను. అక్కడ జనాన్ని అదుపు చేయాల్సింది నిర్వాహకులు, స్టేజీ మీద పాడేవాడు కాదు. నాకూ కూతురుంది. ఆ పిల్ల తల్లిదండ్రులు తలపుకొస్తే ఇంకేం రాయాలో తోచడం లేదు.

వనజ, మిర్యాలగూడ

మా నాన్నగారు తాగేవారు. పాతికేళ్లు చూశాను కాబట్టి కొంచెం కటువుగానే రాస్తున్నాను.

2017 ఫిబ్రవరిలో తనకు మతిమరుపు జబ్బు వచ్చిందని డేవిడ్ ప్రకటించాడు. ఆయన తల్లికీ అది ఉండేది, అందుకని అందరూ నమ్మారు. పోయిన తర్వాత 2018లో ఏ అండ్ ఈ ఛానెల్ వేసిన డాక్యుమెంటరీలో ఆయన మాటలే వినిపించారు. అది మతిమరుపు కాదు, తాగుడు వల్ల వచ్చిందేనని ఒప్పుకున్నాడు. చివరిదాకా ఇంట్లోవాళ్ల దగ్గర, అభిమానుల దగ్గర దాచాడు. మా నాన్న కూడా బీపీ టాబ్లెట్ల వల్ల కళ్లు తిరుగుతున్నాయనేవారు.

తాగుడు జబ్బే, నేను కాదనను. కానీ తాగేవాడి పక్షాన వాదించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చిన్నప్పుడు అలా జరిగింది, ఆఫీసులో ఇలా జరిగిందని. ఆ మాటలు నిజమే అయినా, వాటి వల్ల మా నాన్న ఒక్క గ్లాసు కూడా తగ్గించలేదు. ప్రియగారూ, మీరు టీవీని తిట్టండి, అర్హమే. దాన్ని ఆయన సీసా దాకా మాత్రం లాక్కురాకండి.

పాతపాటలప్రియ

వనజగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరన్నది నిజం. 1974 వరకు జరిగినదానికి, 2010 తర్వాత జరిగినదానికి ఒకే కారణం చెప్పబోయాను, అది నా పొరపాటు. తాగుడు బాధ్యత ఆయనదే. శారదగారు చెప్పిన ఇంటి సంగతి కూడా నేను మొదట్లో వదిలేసి ఉండకూడదు.

కానీ ఆ లెక్కల సంగతి, ఆ గొంతు సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. తాగుబోతయినంత మాత్రాన 20 ఏళ్లప్పుడు చేసిన కష్టానికి ఇవ్వాల్సిన డబ్బు ఎగ్గొట్టడం న్యాయం అయిపోదు.

కర్నూలు కుర్రోడు

అక్కా, ఏ పాటతో మొదలుపెట్టమంటారు?

పాతపాటలప్రియ

‘హౌ కెన్ ఐ బీ ష్యూర్’. 1972లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. యూట్యూబ్‌లో వీడియో ఉంటే ఫోను బోర్లా పెట్టేసి ముందు గొంతు ఒక్కటే విను తమ్ముడూ. బొమ్మ తర్వాత చూడొచ్చు.