కావలిలో అరుదైన పండ్ల మొక్కలు, ఔషధ మొక్కలు: పెంపకం, మార్పిడి, అమ్మకంపై సందేహాలు

ప్రశ్న (కావలి, గృహిణి)

సభ్యులందరికీ నమస్కారం. మాది కావలి పట్టణం. ఇంటి వెనుక కొద్దిపాటి ఇసుక నేల, పైన డాబా ఉన్నాయి. కడియం నర్సరీల నుంచి తెప్పించుకున్న మిరకిల్ ఫ్రూట్, జబోటికాబా అనే అరుదైన పండ్ల మొక్కలను కుండీలలో పెంచుతున్నాను. వాటి లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే నిలుస్తున్నాయి. ముదురు ఆకుల అంచులు మాడిపోతున్నాయి. నీడవల కట్టించినా తేడా కనిపించలేదు. మా బోరు నీరు నోటికి కాస్త ఉప్పగా తగులుతుంది. ఈ నీటికి ఏ అరుదైన పండ్ల మొక్కలు తట్టుకుంటాయో, ఇతర ప్రాంతాల వారితో విత్తనాలు, మొక్కలు మార్చుకోవాలంటే ఏ జాగ్రత్తలు పాటించాలో, తిప్పతీగ, నేలవేము వంటివి పెంచి అమ్మవచ్చునో లేదో తెలిసిన పెద్దలు వివరించగలరు.

సమాధానం (ఉలవపాడు, మామిడి, సపోటా రైతు)

అమ్మా, మీరు చెప్పిన రెండు లక్షణాలకూ మూలం ఎండ కాదు, నీరు. ఈనెలు ఆకుపచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపుగా మారడం మొక్కకు ఇనుము అందడం లేదనడానికి గుర్తు. మట్టిలో ఇనుము లేక ఇలా జరగదు. మన బోరు నీటిలోని బైకార్బొనేట్లు అనే లవణాలు కుండీ మట్టిని నెమ్మదిగా క్షార గుణంలోకి తిప్పడం వలన, ఉన్న ఇనుము కూడా వేళ్లు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతుంది. పశ్చిమ ఆఫ్రికాకు చెందిన మిరకిల్ ఫ్రూట్, బ్రెజిల్‌కు చెందిన జబోటికాబా రెండూ ఆమ్ల నేలలకు అలవాటు పడినవి. మిరకిల్ ఫ్రూట్ ఉదజని సూచిక (పీహెచ్) 4.5 నుంచి 5.8 వరకు ఉన్న మట్టినే కోరుకుంటుంది. ఇక అంచులు మాడడం లవణాల పని. కుండీలోని నీరు ఆవిరైపోయి ఉప్పు మాత్రం మిగిలిపోతూ ఉంటే, ఆ ఉప్పు చివరకు ఆకు అంచుల వద్దే చేరుతుంది.

కనుక ముందుగా నీటిని కొలవండి. నీటి శుద్ధి యంత్రాలు బిగించే వారి వద్ద ఉండే, నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు మొదటి అంచనాకు చాలు. లీటరుకు 450 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే దాదాపు ఏ మొక్కకైనా పోయవచ్చును. 450 నుంచి 2000 వరకు ఉంటే మొక్కను బట్టి, మట్టిని బట్టి జాగ్రత్త పడాలి. 2000 దాటిన నీటితో ఇటువంటి సున్నితమైన మొక్కలను పెంచాలనుకోవడం వాటిని హింసించడమే అవుతుంది. ఉదజని సూచిక, బైకార్బొనేట్ల సంగతి తేలాలంటే నీటి నమూనాను పరీక్షా కేంద్రానికి పంపక తప్పదు. అరుదైన మొక్క ధర అడగడానికి ముందే మన జిల్లాలో ఎవరైనా ఈ పని చేయాలని నేను గట్టిగా కోరుతాను. నర్సరీ వారు పండు రుచి చెబుతారు, ఎన్నేళ్లకు కాస్తుందో చెబుతారు. మీ బోరు సంగతి వారికెలా తెలుస్తుంది?

మీ రెండు మొక్కలను నిలబెట్టుకోవడానికి మార్గం ఉంది. మనకు అసలైన వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది కదా, ఆ నీటిని డాబా గొట్టం నుంచి మూత ఉన్న డ్రమ్ములలోకి పట్టి ఈ రెండింటికే కేటాయించండి. ఏసీ నుంచి కారే నీటిలో కూడా లవణాలు దాదాపు ఉండవు. అయితే ఆర్‌వో యంత్రం బయటకు వదిలే నీటిని మాత్రం చుక్క కూడా పోయకండి. శుద్ధి అయిన నీటిలోంచి తీసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. పేరుకున్న ఉప్పు పోవడానికి, నీరు పోసినప్పుడు కుండీ అడుగు రంధ్రం నుంచి ధారాళంగా బయటకు వచ్చేదాకా పోయండి. అడుగున పళ్లెం ఉంటే ఆ నీటిని పారబోయండి. కొబ్బరి పొట్టు వాడితే దానిని కూడా మంచినీటితో పలుమార్లు కడగాలి, ఎందుకంటే కొబ్బరి పీచులో సహజంగానే లవణాలుంటాయి. ఇనుము ఇవ్వదలచినప్పుడు డబ్బా మీద ఏ రకమో చదవండి. ఈడీటీఏ రూపంలోని ఇనుము క్షార మట్టిలో నిలవదు, మన నీటికి ఈడీడీహెచ్ఏ రూపంలోనిదే పనిచేస్తుంది. చాలామంది డాబా తోటలలో గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద అలవాటుగా చల్లుతుంటారు. ఈ రెండు మొక్కలకు అవి పనికిరావు, క్షారాన్ని ఇంకా పెంచుతాయి.

కొత్తగా పెట్టదలచుకుంటే మాంగోస్టీన్, రంబుటాన్‌ల జోలికి పోవద్దనే నా సలహా. ఏడాదంతా గాలిలో తేమ ఉండే చోట పెరిగే చెట్లవి. రోహిణీ కార్తెలో మన వైపు వీచే పడమటి వడగాలికి వాటి ఆకులు నిలవవు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల ఎగ్ ఫ్రూట్ అనే పండ్ల చెట్టు అలా కాదు. అది సున్నపురాతి నేలలలోనూ పెరుగుతుంది కనుక మన గట్టి నీటిని చాలావరకు ఓర్చుకుంటుంది. బార్బడోస్ చెర్రీ ఎండను బాగా తట్టుకుంటుంది, విటమిన్ సి అత్యధికంగా ఉండే పండ్లలో అదొకటి. అయితే ఇసుక నేలలో దాని వేళ్లకు నులిపురుగులు పట్టి బుడిపెలు కడతాయి, కనుక మాగిన పశువుల ఎరువు, వేపపిండి ధారాళంగా కలిపి నాటండి. వాక్కాయ కంచె వెంట పెంచితే కాపలాగానూ, పచ్చడికిగానూ ఉపయోగపడుతుంది.

వీటన్నిటికంటే ముందు పాల చెట్టును నాటమంటాను. శ్రీహరికోట అడవిలో సహజంగా పెరిగే ఆ చెట్టు మన తీరపు ఇసుకను, ఉప్పుగాలిని తరతరాలుగా ఎరిగినది. సపోటా అంటు కట్టడానికి వేరుమొక్కగా వాడేది కూడా దానినే. చిన్న పసుపు పండ్లు ఎంతో తీయగా ఉంటాయి, అయినా దానిని కావాలని నాటుకునేవారు ఎంతో తక్కువ. నా దృష్టిలో అసలైన అరుదైన పండు అదే. పెరుగుదల మాత్రం చాలా నెమ్మది అని ముందే చెబుతున్నాను.

ప్రశ్న (కావలి)

బాబాయి గారూ, ఇంత ఓపికగా వివరించినందుకు కృతజ్ఞతలు. నీరు ఈ వారమే పరీక్షకు ఇస్తాను. మార్పిడి విషయంలో మరికొన్ని సందేహాలున్నాయి. కేరళలోని ఒకరు రంబుటాన్ గింజలు ఇస్తామంటున్నారు, థాయిలాండ్‌లో ఉండే బంధువులు కొన్ని విత్తనాలు పోస్టులో పంపుతామంటున్నారు. బదులుగా నేను మా పెరటి నిమ్మ, కరివేపాకు పిలకలు పంపాలనుకుంటున్నాను. ఇది సరైనదేనా?

సమాధానం (పొదలకూరు, నిమ్మ రైతు)

అక్కా, దయచేసి నిమ్మ జాతి మొక్కలను, కరివేపాకు మొక్కలను ఎటునుంచి ఎటు పంపవద్దు, తెప్పించుకోవద్దు. మన వైపు పొదలకూరు, గూడూరు ప్రాంతాల కుటుంబాలు ఎన్నో ఈ నిమ్మ మీదే బతుకుతున్నాయి. నిమ్మ జాతి చెట్లకు వచ్చే గ్రీనింగ్ తెగులును కలిగించే సూక్ష్మజీవిని సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగు ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు చేరవేస్తుంది. ఆ పురుగు కరివేపాకు మీద, మధుకామిని అనే పూల మొక్క మీద కూడా గుడ్లు పెడుతుంది. లేత చిగురుతో ఉన్న ఒక్క కరివేపాకు పిలక చాలు, దానిని కొత్త ఊరికి మోసుకొని పోవడానికి. సోకిన చెట్టుకు నయం చేసే మందు లేదు. నిమ్మ జాతికే సోకే ట్రిస్టిజా వైరస్ అయితే పేనుబంక ద్వారా, అంటుకట్టే కొమ్మల ద్వారా వ్యాపిస్తుంది. మన నిమ్మ దానికి ఎంత సున్నితమైనదంటే, ఆ వైరస్ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి నిమ్మ మొక్కనే సూచికగా వాడతారు. కరివేపాకు తప్పనిసరి అనుకుంటే పండిన కాయల గుజ్జు కడిగి గింజలే పంపండి. నిమ్మ అంటు కావలసినవారు ఉద్యాన శాఖ వద్ద నమోదైన నర్సరీ నుంచే తీసుకోవాలి. ఏ మొక్కనైనా మీ పెరటి మట్టితో సహా పంపకండి, ఆ మట్టిలో నులిపురుగులు కూడా ప్రయాణం చేస్తాయి. వేళ్లు శుభ్రంగా కడిగి తడి కొబ్బరి పొట్టులో చుట్టి పంపడం మేలు.

విదేశీ విత్తనాల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, పంపే దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. బంధువుల ప్రేమ కొద్దీ కవరులో వచ్చినా ఆ నియమం మారదు.

సమాధానం (ఉలవపాడు)

పొదలకూరు తమ్ముడి మాట అందరూ పాటించవలసినది. గింజల సంగతి నేను పూర్తి చేస్తాను. రంబుటాన్ గింజ పండులోంచి తీసిన వారం రోజులకే మొలిచే శక్తిని పోగొట్టుకుంటుంది. మొలిచినా అది మగ చెట్టు కావచ్చును, అప్పుడు కాయలే ఉండవు. అందుకే దానిని అంటు మొక్కగానే కొంటారు. మిరకిల్ ఫ్రూట్, మాంగోస్టీన్, పనస, నేరేడు గింజలు కూడా ఎండితే చనిపోతాయి. వీటిని ఎండబెట్టకుండా, ఫ్రిజ్‌లో పెట్టకుండా, గుజ్జు పూర్తిగా కడిగి, పిండితే నీరు కారనంత తడి ఉన్న కొబ్బరి పొట్టులో ఉంచి, రెండు మూడు సన్నని రంధ్రాలు చేసిన కవరులో పెట్టి, అట్టపెట్టెలో వారం మొదట్లోనే పంపాలి. వారాంతంలో పంపితే ఆదివారమంతా గోదాములో ఉడికిపోతాయి. అశ్వగంధ, తులసి, నేలవేము విత్తనాలు ఇందుకు విరుద్ధం. నీడలో బాగా ఆరబెట్టి కాగితపు పొట్లంలో కట్టి గాలి చొరబడని డబ్బాలో పెడితే నిల్వ ఉంటాయి.

పొట్లం మీద మొక్క పేరు, కోసిన తేదీ, తల్లి చెట్టు ఉన్న ఊరు రాయండి. మొక్క అయితే విత్తనపుదా, అంటా, గాలి అంటా అన్నది కూడా రాయండి. విత్తనపు మొక్కను అంటుగా చెప్పి ఇస్తే, తీసుకున్నవారు ఏళ్ల తరబడి నీరు పోసిన తరువాత గాని నిజం బయటపడదు. ఆ కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

సమాధానం (దర్శి, విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు)

కావలి చెల్లీ, ఔషధ మొక్కల గురించి నేను చెబుతాను. నేలవేము, అశ్వగంధ, అడ్డసరం, నల్లేరు, పొడపత్రి మన ఎర్ర నేలలకు సరిపోతాయి, పెద్దగా నీరు కోరవు. అమ్మదలచినప్పుడు మొక్కను కచ్చితంగా గుర్తించడమే మీ మొదటి బాధ్యత. తిప్పతీగనే చూడండి. అసలైన తిప్పతీగ కాండం ఆకుపచ్చగా ఉంటుంది, దాని మీద బొడిపెలు ఉండవు, కోస్తే పాలు కారవు, పండ్లు ఎర్రగా గుండ్రంగా ఉంటాయి. దానిని పోలిన మరో జాతి కాండం బూడిద రంగులో, నిండా బొడిపెలతో ఉంటుంది, కోస్తే పాల వంటి ద్రవం వస్తుంది. ఈ రెండింటినీ కలగలపవద్దని 2022లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా సూచించింది. కొమ్మ ఇచ్చే ముందు ఒకసారి కోసి చూపించి ఇవ్వండి.

మొక్కను మొక్కగా అమ్మండి, మందుగా అమ్మకండి. లక్ష్మణ ఫలం ఆకులు క్యాన్సర్‌ను తగ్గిస్తాయని చెప్పి అమ్మడం ఇప్పుడు పెరిగిపోయింది. ఆ మాటకు మనుషులలో రుజువు లేదు. పైగా ఆ చెట్టులో ఉండే అనోనాసిన్ అనే పదార్థం నాడీకణాలకు హాని చేసేది. క్యాన్సర్, మధుమేహం వంటి వ్యాధులను నయం చేస్తుందని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అలాగే స్టార్ ఫ్రూట్ ఎవరికైనా ఇచ్చేటప్పుడు మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తినకూడదని తప్పక చెప్పండి, వారికి అది ప్రాణాపాయం. సర్పగంధ రక్తపోటును దించే బలమైన మందు మొక్క, ఇంటి వైద్యానికి ఇవ్వదగినది కాదు.

ప్రశ్న (కావలి)

అక్కా, ఉదయగిరి కొండల నుంచి నన్నారి గడ్డలు, ఎర్రచందనం మొలకలు తెచ్చి ఇస్తామని ఒకరు అంటున్నారు. తీసుకోవచ్చునా?

సమాధానం (దర్శి)

వద్దు చెల్లీ. అనుమతి లేకుండా అడవిలోంచి ఏది తవ్వి తెచ్చినా అది అటవీ చట్టానికి విరుద్ధమే. నన్నారి విషయంలో అది మరింత అన్యాయం, ఎందుకంటే గడ్డ తవ్వితే ఆ తీగ అక్కడితో అంతమవుతుంది. షర్బత్ కోసం తవ్వి తవ్వి వెలిగొండలలో అది ఇప్పటికే తరిగిపోతున్నది. తాజా విత్తనంతో నారు పోసి పెంచినవారి దగ్గర మొక్కలు తీసుకోండి. ఎర్రచందనం నర్సరీ మొక్కను పెరటిలో నాటుకోవచ్చును. కాని సొంత చెట్టైనా నరకాలన్నా, కలప తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. నర్సరీ రసీదును, నాటిన సంవత్సరాన్ని భద్రపరచుకోండి. తిప్పతీగ కొమ్మలు, నేలవేము విత్తనాలు నా వద్ద ఉన్నాయి. వానలు మొదలైన తరువాత పంపుతాను, అప్పటికి మీ నీటి పరీక్ష ఫలితం ఇక్కడే తెలియజేయండి.