వెయిట్‌లిస్ట్ నుంచి చార్టర్ స్కూల్ సీటొచ్చింది, 48 గంటల్లో చెప్పాలట. తీసుకోమంటారా?

ముద్దపప్పు_ఆవకాయ:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఉంటాం. మా పెద్దాడు ఆగస్టులో ఆరో క్లాసుకి వెళ్తాడు. చార్టర్ స్కూల్ (ప్రభుత్వ డబ్బుతో వేరేవాళ్లు నడిపే ఉచిత స్కూల్) లాటరీలో పేరు రాలేదు, వెయిట్‌లిస్ట్‌లో 41వ నంబరు ఇచ్చారు, ఇక మర్చిపోయాం. వాడికి ఐఎస్‌డీ (అదే, మా ఊరి ప్రభుత్వ స్కూల్ డిస్ట్రిక్ట్) మిడిల్ స్కూల్లో పేరు రాయించేశాం, అక్కడ వాయిద్యాలన్నీ చూపించి వాడికి వయోలా ఇచ్చారు, అద్దెకి తెచ్చుకున్నాం కూడా. తీరా నిన్న సాయంత్రం పోపు పెడుతుంటే ఫోను, సీటు ఖాళీ అయింది, 48 గంటల్లో చెప్పండి అని. మా ఆయన ఎగిరి గంతేశారు. గొడవ అక్కడ కాదు. మా పక్కింటావిడ ఐఎస్‌డీ స్కూల్లో టీచర్. సంతోషిస్తుందనుకుని చెప్పాను. ఆవిడ మొక్కలకి నీళ్లు పెడుతోంది, గొట్టం అలాగే పట్టుకుని, "ఇలాంటి పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే మా దగ్గర ఒక్కో పోస్టు పోతుందమ్మా" అంది. కోపంగా కూడా కాదు. నీళ్లు చెప్పుల మీద పడుతున్నా చూసుకోలేదు. అప్పటినుంచి మనసు అదోలా ఉంది. నిజంగా మనం వాళ్ల పొట్ట కొడుతున్నామా? తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణాతీరం:
ఇందులో ఆలోచించేదేముందండీ, ఫోన్ చేసి ఓకే చెప్పేయండి. చార్టర్ అంటే ప్రైవేటు అనుకునేవాళ్లు మనవాళ్లలో ఇంకా చాలామంది ఉన్నారు. ఫీజు లేదు, ఎంట్రన్స్ పరీక్ష లేదు, సీట్ల కంటే ఎక్కువమంది అడిగితే లాటరీ, అది కూడా ప్రభుత్వ స్కూలే, కాకపోతే ఐఎస్‌డీ బోర్డు కింద ఉండదు, అంతే తేడా. మీ ఇంటి పన్నులో ఒక్క డాలర్ కూడా నేరుగా చార్టర్‌కి పోదు. టెక్సస్‌లో చార్టర్‌కి పన్ను వేసే హక్కే లేదు, డబ్బులో ఎక్కువ భాగం రాష్ట్రం నుంచే వస్తుంది. మీ పిల్లాడు ఐఎస్‌డీ జాగీరా? పిల్లాడు ఎక్కడ చదివితే డబ్బు అక్కడికి వెళ్తుంది, న్యాయమే కదా. నేను హ్యూస్టన్‌లో పదేళ్లున్నాను, కిప్ అనే చార్టర్ల గొలుసు పుట్టింది అక్కడే, 1994లో, పేద పిల్లల కోసం. ఆ వీధుల్లో తల్లులకి వెళ్లి చెప్పండి, డిస్ట్రిక్ట్ నష్టపోతుంది, మీ పిల్లాణ్ణి ఇక్కడే ఉంచండని. చీపురు తిరగేస్తారు.

రెండోషిఫ్ట్:
నేను ఐఎస్‌డీ టీచర్నే, పన్నెండేళ్లుగా. పక్కింటావిడ తరఫున కాదు, లెక్క చెప్తాను. మా స్కూల్ నుంచి ఒక ఏడాది ఇరవై మంది వెళ్లారనుకోండి. ఒకే క్లాసు నుంచి వెళ్తే ఒక సెక్షన్ తీసేయొచ్చు. కానీ వాళ్లు కేజీలో ముగ్గురు, ఒకటిలో నలుగురు, మూడులో ఐదుగురు, అలా వెళ్తారు. ఏ టీచర్ని తీసేస్తారు? బస్సు అదే రూటు తిరగాలి, ఏసీ అంతే నడవాలి, నర్సు, లైబ్రరీ, చూపు సరిగ్గా లేని ఒక్క పిల్లాడికోసం వచ్చే స్పెషలిస్టు, అన్నీ అలాగే ఉండాలి. ఇరవై మంది డబ్బు మాత్రం వెళ్లిపోతుంది. పైగా టెక్సస్‌లో పిల్లల పేర్లని బట్టి కాదు, రోజువారీ హాజరు సగటుని బట్టి ఇస్తారు. తలకి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే నిలబడిపోయింది, ఆ మధ్యలో కోడిగుడ్ల ధర ఎంత పెరిగిందో మీకు తెలుసు. చివరికి పెంచింది 55 డాలర్లు.

ఇంకొకటి. నేరుగా పోదన్నారు, ఒప్పుకుంటాను. కానీ ప్లేనో లాంటి ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి రికాప్చర్ పేరుతో రాష్ట్రం ఏటా డబ్బు లాగేసుకుంటుంది. అది పడేది రాష్ట్రం హుండీలోనే. చార్టర్లకి ఇచ్చేది కూడా ఆ హుండీలోంచే. తిరిగి తిరిగి ఎక్కడికి చేరిందో మీరే చూడండి.

బొబ్బట్లు_బ్రో:
కార్ లైన్ గురించి ఎవరూ చెప్పరేం? చార్టర్లలో చాలావాటికి బస్సు లేదు. మూడు కావస్తుంటే వెళ్లి లైన్లో నిలబడాలి, డాలస్ ఎండ 104 ఫారెన్‌హీట్, వెనక సీట్లో చిన్నది నిద్రపోతుంటుంది, ఏసీ ఆపితే లేస్తుంది. నాకు రెండేళ్లలో ఆఫీస్ మీటింగులన్నీ ఆ లైన్లోనే అయ్యాయి. ఇద్దరూ ఆఫీసుకెళ్లే ఇల్లయితే ముందు దీని సంగతి ఆలోచించండి, సిద్ధాంతాలు తర్వాత.

ఫిల్లీ_బావ:
మీ టెక్సస్ నయం. మా పెన్సిల్వేనియాలో డిస్ట్రిక్టే చార్టర్‌కి చెక్కు రాసివ్వాలి. మీ ఊరి పిల్లాడు చార్టర్‌లో చేరితే మీ డిస్ట్రిక్ట్ బడ్జెట్‌లో "చార్టర్ ట్యూషన్" అని ఒక పద్దు కనిపిస్తుంది, ఇంటి పన్ను పెంచేటప్పుడు బోర్డు వాళ్లు ముందు చూపించేది ఆ పద్దే. సాధారణంగా పది మైళ్ల లోపైతే ఆ పిల్లాణ్ణి చార్టర్‌కి తీసుకెళ్లే బస్సు కూడా డిస్ట్రిక్టే పంపాలి. అల్లుడికి కట్నమూ ఇచ్చి, కారూ కొనిచ్చి, పెట్రోలూ మనమే పోయించినట్టు. పోనీ అదంతా మంచి స్కూలుకి పోతోందా అంటే, ఇక్కడ సైబర్ చార్టర్లని ఉన్నాయి, పిల్లాడు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాడు, బిల్డింగ్ లేదు, బస్సు లేదు. అయినా డిస్ట్రిక్టులు చాలా ఏళ్లు మామూలు చార్టర్ రేటే కట్టాయి.

కృష్ణాతీరం:
సైబర్ వాటిని నేనూ సమర్థించను బావగారూ. ఒహాయోలో ఈకాట్ అనే ఆన్‌లైన్ చార్టర్ చదవని పిల్లల లెక్క చూపించి డబ్బు తీసుకుందని తేలి, 2018 జనవరిలో చదువు మధ్యలో మూతపడింది, వేలమంది పిల్లలు రోడ్డున పడ్డారు. అయితే నా పాయింట్ వినండి, చెడ్డ చార్టర్ మూతపడుతుంది. చెడ్డ ఐఎస్‌డీ స్కూల్ మూతపడుతుందా? పాతికేళ్లయినా అలాగే ఉంటుంది, పిల్లలు మాత్రం మారుతుంటారు.

పెరుగన్నం:
ఈ చార్టర్ ఆలోచనని ఊరంతా తిప్పింది ఎవరో తెలుసా? ఆల్బర్ట్ షాంకర్, టీచర్ల యూనియన్ నాయకుడు. 1988లో. ఆయన అనుకున్నది వేరు, టీచర్లే నాలుగు కొత్త పద్ధతులు ప్రయత్నించే చిన్న స్కూళ్లు, అక్కడ పండినవి మిగతా స్కూళ్లకి పంచడం. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో మొదటి స్కూల్ తెరిచారు. ఆ తర్వాత ఏళ్లలోనే ఇది తను చెప్పింది కాదని షాంకర్ ఎదురు తిరిగాడు. ప్రయోగశాల అనుకుని విత్తనం వేస్తే ఎదురు దుకాణం మొలిచింది. డిస్ట్రిక్టుకీ చార్టర్‌కీ మాటల్లేకుండా పోయింది అప్పుడే అని నా అభిప్రాయం. ఇంటి పెద్దలు ఆస్తి పంచుకుంటున్నప్పుడు వంట ఎలా బాగా చేయాలో ఎవరు చెప్పుకుంటారు?

నిమ్మకాయ_చారు:
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయను, ఇవాళ రాస్తున్నాను. మా బాబుకి ఆటిజం. రెండో క్లాసులో ఒక చార్టర్‌లో లాటరీలో సీటొచ్చింది. పేరు చెప్పను. మొదటి నెల బాగానే ఉంది. తర్వాత వారానికి రెండుసార్లు ఫోన్, వచ్చి తీసుకెళ్లండి, ఇవాళ బాబు సర్దుకోలేకపోతున్నాడు అని. ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. చట్ట ప్రకారం అనకూడదు కదా, చార్టర్ కూడా ప్రభుత్వ స్కూలే, స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం దానికీ వర్తిస్తుంది. మీటింగ్‌లో ఒకావిడ చాలా మెత్తగా, "మీ అబ్బాయికి మా స్కూల్ సరైన చోటేనా అని మీరు కూడా ఆలోచించండి" అంది. టేబుల్ మీద టిష్యూ బాక్స్ ముందే పెట్టి ఉంచారు. అది చూసి అర్థమైంది, ఈ గదిలో ఏడ్చే మొదటి అమ్మని నేను కాదని. నవంబరులో ఐఎస్‌డీకి తిరిగెళ్లాం. ఆఫీసులో ఆవిడ అడిగింది ఒక్కటే, కరెంటు బిల్లు తెచ్చారా అడ్రస్ కోసం, అని.

రెండోషిఫ్ట్:
అక్కా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. నేను లెక్కల్లో చెప్పలేకపోయింది ఇదే. ఏ నెలలో వచ్చినా, ఏ భాష మాట్లాడినా, ఏ సమస్య ఉన్నా, ఆ హద్దులో ఉన్న పిల్లాడికి తలుపు తీయాల్సింది డిస్ట్రిక్ట్. చార్టర్‌కి సీట్లు నిండితే తలుపు వేసుకునే వీలుంది. టెక్సస్ చట్టమైతే క్రమశిక్షణ రికార్డు సరిగ్గా లేని పిల్లాణ్ణి చేర్చుకోకుండా ఉండే అవకాశం కూడా చార్టర్లకి ఇచ్చింది. తర్వాత ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి చూడండి చూడండి అంటారు.

కృష్ణాతీరం:
నిమ్మకాయ చారు గారూ, మీకు జరిగింది తప్పు, వాదన లేదు. కానీ డిస్ట్రిక్టులు పాలతో కడిగిన ముత్యాలు అన్నట్టు మాట్లాడొద్దు రెండోషిఫ్ట్ గారూ. ఇదే టెక్సస్‌లో 2004 నుంచి స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటితే డిస్ట్రిక్టులకి మార్కులు తగ్గించేవారు. అంటే ఏమైంది? అవసరమున్న వేలాదిమంది పిల్లలకి పరీక్షలే చేయకుండా తిప్పి పంపారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ బయటపెడితే, 2018లో కేంద్ర విద్యాశాఖ అది చట్ట విరుద్ధమని తేల్చింది. ఆ తలుపు తీసే ఉంది సరే, లోపల కుర్చీ వేశారా?

రెండోషిఫ్ట్:
వేయలేదు. ఆ రోజుల్లో నేను కొత్త. నా క్లాసులో ఒక అమ్మాయికి డిస్‌లెక్సియా అని నాకు అనిపించి చెప్తే, ఇంకో ఆరు నెలలు చూద్దాం అన్నారు. చూశాం. ఆరు నెలలు పోయాయి. మీరన్నది నిజం.

ఉప్మా_వద్దు:
హైదరాబాద్ నుంచి. ఇవి మన గురుకులాల్లాంటివా?

పెరుగన్నం:
కాదండీ. గురుకులాలు ప్రభుత్వ సొసైటీలే నడుపుతాయి, ఎంట్రన్స్ ఉంటుంది. పోలిక కావాలంటే మన ఎయిడెడ్ స్కూళ్లు దగ్గరగా ఉంటాయి, జీతాలు ప్రభుత్వానివి, యాజమాన్యం వేరేవాళ్లది. 2021లో ఆంధ్రాలో ఎయిడెడ్ స్కూళ్లు, కాలేజీల విషయంలో ఎంత రగడ అయిందో గుర్తుందిగా, డబ్బు నాదైతే పెత్తనం ఎవరిది అన్నదే అక్కడా ప్రశ్న. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, ఐఎస్‌డీ బోర్డుని మనం ఓటేసి ఎన్నుకుంటాం, చార్టర్ బోర్డుని ఎన్నుకోం. మీ ఊళ్లో కొత్త చార్టర్ తెరవాలా వద్దా అని టెక్సస్‌లో మీ ఐఎస్‌డీని అనుమతి అడగరు, ఆస్టిన్‌లో రాష్ట్ర కమిషనర్ చూసుకుంటారు. కాలిఫోర్నియాలో అలా కాదు, 2019లో చేసిన చట్టం ప్రకారం అక్కడ డిస్ట్రిక్ట్ తన ఖజానా మీద పడే భారం చూపించి కొత్త చార్టర్‌కి వద్దనొచ్చు. ఆ ఏడాది జనవరిలో లాస్ ఏంజెలెస్ టీచర్లు ఆరు రోజులు వానలో సమ్మె చేశారు, కొత్త చార్టర్లకి అడ్డుకట్ట వేయాలన్నదీ వాళ్ల డిమాండ్లలో ఒకటి.

మసాలా_వడ:
అసలు చదువు ఎక్కడ బాగుందో చెప్పండి మహాప్రభో.

బే_ఏరియా_బామ్మర్ది:
ఒక్క ముక్కలో తేలదు. స్టాన్‌ఫర్డ్ వాళ్ల పరిశోధన కేంద్రం క్రెడో 2023 రిపోర్టులో సగటున చార్టర్ పిల్లలు మామూలు ప్రభుత్వ స్కూళ్ల పిల్లల కంటే ఏడాదిలో చదవడంలో 16 రోజుల చదువంత, లెక్కల్లో 6 రోజుల చదువంత ముందున్నారు. ఆన్‌లైన్ చార్టర్ల పిల్లలు లెక్కల్లో 124 రోజులు వెనకబడ్డారు. బోస్టన్‌లో లాటరీలో గెలిచినవాళ్లనీ ఓడినవాళ్లనీ పోల్చి చూస్తే చార్టర్ల లాభం బాగా పెద్దది, అయినా 2016లో మసాచుసెట్స్ జనం ఇంకొన్ని చార్టర్లు కావాలా అంటే 62 శాతం వద్దన్నారు. శివారు ఊళ్లలో చాలామంది భయం మా డిస్ట్రిక్ట్ డబ్బు పోతుందని. మా వైపు ఓక్‌లాండ్‌లో, చార్టర్ల వల్ల డిస్ట్రిక్టుకి ఏటా 5.73 కోట్ల డాలర్ల నికర భారమని 2018లో గోర్డన్ లేఫర్ అనే ప్రొఫెసర్ లెక్క కట్టాడు. ఆ లెక్క తేల్చింది ప్రైవేటీకరణకి వ్యతిరేకమైన సంస్థ కోసం, అది గుర్తుంచుకుని చదవండి. ఇక్కడ నేను గమనించింది ఒకటే, చార్టర్లు బాగా పనికొచ్చిన చోట్లు పెద్ద నగరాల పేద వాడలు. మనవాళ్లు వాటికోసం ఎగబడేది ఇప్పటికే మంచి స్కూళ్లున్న శివార్లలో. మనకి కావాల్సింది మంచి స్కూల్ కాదు, పక్కింటివాళ్ల పిల్లాడి కంటే ఒక ఏడాది ముందు ఆల్జీబ్రా.

బొబ్బట్లు_బ్రో:
ఆ చివరి లైన్ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. రచ్చ మొదలైంది.

కృష్ణాతీరం:
ఆల్జీబ్రా కోరుకోవడం నేరమా? ఇంకో సంగతి, ప్లేనో బోర్డు 2024లో నాలుగు స్కూళ్లు మూసేయాలని ఓటేసింది. అందరూ చార్టర్లని తిట్టారు. అసలు కారణం ఇళ్ల ధరలు, చిన్నపిల్లలున్న కుటుంబాలు అక్కడ కొనలేకపోవడం, పుట్టేవాళ్లే తగ్గడం. ఖాళీ క్లాసురూముకి ప్రతిసారీ చార్టర్‌ని దోషి చేయకండి.

రెండోషిఫ్ట్:
దోషి అనడం లేదు. నిండుకుండలోంచి చెంబెడు తీస్తే తెలియదు, అడుగంటిన కుండలో తీస్తే తెలుస్తుంది, అంతే అంటున్నాను. మేడమ్, మీ పిల్లాడి సీటు మీ ఇష్టం. మీ ఒక్కరి వల్ల ఏ స్కూలూ మూతపడదు, పక్కింటావిడకి కూడా ఆ సంగతి తెలుసు. ఆవిడకి మీమీద కోపం ఉండదు. ఈ ఏడాది ఏ గ్రేడుకి మారుస్తారో అన్న టెన్షన్ అయ్యుంటుంది.

ముద్దపప్పు_ఆవకాయ:
అందరికీ థాంక్స్. నిన్న వాణ్ణి తీసుకుని చార్టర్ బిల్డింగ్ చూడటానికి వెళ్లాం. పాత ఆఫీసు బిల్డింగ్, లోపల శుభ్రంగా ఉంది, గోడల మీద పిల్లల సైన్స్ ప్రాజెక్టులు మన పిల్లలవి కంటే రెండేళ్లు ముందున్నట్టున్నాయి, నాకూ ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు. తిప్పి చూపించిన అమ్మాయిని మావాడు ఒక్కటే అడిగాడు, ఆర్కెస్ట్రా రూమ్ ఎక్కడ అని. ఇప్పటికైతే లేదు, స్కూల్ అయ్యాక గిటార్ క్లబ్ ఉంది అంది. వాడు కారులో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఆ వయోలా మీద వాడికొచ్చిన నాలుగు స్వరాలు గంటసేపు కీచుకీచుమనిపించాడు.

పొద్దున ఫోన్ చేసి వద్దన్నాను. "నో ప్రాబ్లమ్ మేడమ్, తర్వాత పేరుకి ఇప్పుడే చేస్తాం" అంది, అర నిమిషం కూడా పట్టలేదు. 42వ నంబరు ఎవరో వాళ్ల వంటింట్లో ఈపాటికి ఫోన్ మోగే ఉంటుంది. దీనికి మీ వాదనలు ఎంత కారణమో, ఆ వయోలా ఎంత కారణమో నాకే తెలియదు. మా ఆయన మాట్లాడట్లేదు, కాఫీ ఆయనే పెట్టుకుంటున్నారు. రెండోషిఫ్ట్ గారూ, ఆరో క్లాసు పిల్లలకి వయోలా షోల్డర్ రెస్ట్ ఏ సైజు కొనాలో మీ మ్యూజిక్ టీచర్ని అడిగి చెప్పగలరా?