ధవళేశ్వరం దగ్గర పులస ఎక్కడానికి ల్యాడర్ కడితే కొలతలు ఎలా ఉండాలి?

గోదారి గట్టు:
పోలవరం స్పిల్‌వేలో ఫిష్ ల్యాడర్ (చేపలు తొట్టి నుంచి తొట్టికి ఎదురెక్కే మెట్ల దారి) పెట్టారు, బానే ఉంది. కానీ సముద్రం నుంచి ఎదురెక్కే పులసకు అంతకంటే 42 కి.మీ. దిగువనే కాటన్ బ్యారేజీ అడ్డం కదండీ. ఇక్కడ కూడా కట్టాలంటే తొట్ల కొలతలు, వాలు ఎంత పెట్టాలి? విదేశాల్లో సాల్మన్‌కి కట్టే మెట్ల డిజైనే దించేస్తే సరిపోదా?

తూము షట్టర్:
సరిపోదండి. సాల్మన్ గెంతుతుంది, పులస గెంతదు. మందగా ఎదురీదుతూ వస్తుంది. గోడ మీంచి నీళ్లు దూకే మెట్లు దానికి దండగ. అడ్డగోడలో పైనుంచి అడుగుదాకా నిలువు చీలిక ఉన్న తొట్లు కావాలి. ఎగువా దిగువా మట్టాలు మారుతున్నా అవి పనిచేస్తాయి.

తొట్టికీ తొట్టికీ నీటిమట్టంలో 15 సెం.మీ. తేడా పెడితే చీలికలో నీటి వేగం సెకనుకు 1.7 మీ. పొడవు తగ్గించి ఖర్చు మిగుల్చుదామని 30 సెం.మీ. చేస్తే 2.4కి పోతుంది, మంద వెనక్కి తిరుగుతుంది. సుడి లెక్క కూడా చూడాలి. 1 క్యూమెక్ (సెకనుకు ఒక ఘనపు మీటరు) నీరు 15 సెం.మీ. పడితే 1,470 వాట్ల శక్తి తొట్టిలో సుడి రేపుతుంది. పులసకు దగ్గరి చుట్టమైన షాడ్‌కు అమెరికాలో ఘనపు మీటరుకు 150 వాట్లు హద్దు. అంటే తొట్టిలో 10 ఘ.మీ. నీరైనా ఉండాలి, మంద తిరగడానికి ఇరవై పెట్టండి. బ్యారేజీ ఎగువ దిగువ మట్టాల మొత్తం తేడా 3 మీ. అనుకుంటే 20 మెట్లు, తొట్టి 4.5 మీ. చొప్పున సుమారు 90 మీ. పొడవు.

లంక రేవు:
తొట్ల కంటే ముందు చేప ల్యాడర్‌లోకి దూరే ద్వారం ఎక్కడో తేల్చాలి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని బ్యారేజీ నాలుగు ముక్కలు, 175 గేట్లు. ల్యాడర్ ఒక పాయలో పెట్టి నీళ్లు ఇంకో పాయలో వదిలితే చేప హోరున్న చోటికే పోతుంది. ద్వారం నుంచి వచ్చే ధార ఆ పాయ నీటిలో 3–5 శాతం ఉండాలంటారు. వరద గోదారిలో ఒక్క క్యూమెక్ ఏ మూలకి? ఎగువ నుంచి పైపుతో అదనపు నీరు తెచ్చి, ద్వారం దగ్గర జాలీ కింద నుంచి నెమ్మదిగా కలపాలి. అయినా అసలు ల్యాడర్ ఎందుకండీ, సీజన్లో నాలుగు గేట్లు పూర్తిగా ఎత్తి ఉంచితే?

తూము షట్టర్:
కుదరదు సార్. ఎగువన 3 మీ. నీరు నిలబెట్టి గేటు పూర్తిగా ఎత్తినా క్రెస్ట్ (గేటు కింది గట్టు) మీద వేగం సెకనుకు 4 మీ. దాటుతుంది. కొంచెమే ఎత్తితే గేటు కింద 7 పైమాటే. పైగా దిగువ మట్టం తక్కువున్నప్పుడు కొద్ది గేట్లే బార్లా తెరిస్తే ఆప్రాన్ (బ్యారేజీ దిగువ కాంక్రీటు నేల) కోసుకుపోతుంది. పెద్ద వరదకు అన్నీ ఎత్తినప్పుడు మట్టాలు దగ్గరపడతాయి, అప్పుడు బ్యారేజీయే దారి. వరద తీసేటప్పుడు ల్యాడర్ పక్క గేట్లు చివర దించితే ఆ దారి ఇంకాస్త నిలుస్తుంది, అంతవరకే.

ఏటిపాయ:
ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు, పిల్లల దిగుడు సంగతేంటి? తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువల హెడ్ స్లూయిస్ (కాలువ మొదటి తూము)లోకి పోయినవి చేలల్లో తేలతాయి. అక్కడ సన్న కన్ను జాలీ వేయాలి, దాని ముందు వేగం సెకనుకు 0.12 మీ. మించకూడదు. మించితే పిల్లలు జాలీకి అతుక్కుని చస్తాయి. అంటే జాలీ చాలా వెడల్పు కావాలి, గుర్రపుడెక్క తీసే యంత్రం తప్పనిసరి, లేకపోతే నాలుగు రోజుల్లో మూసుకుపోయి కాలువకు నీళ్లందవు. అప్పుడు రైతులే జాలీ పీకేస్తారు.

ఇంకోటి, సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకే. పులస ఎర్రనీటితో వచ్చేది ఆ తర్వాత. ల్యాడర్ మూతి దగ్గర చేప గుమిగూడుతుంది కాబట్టి అక్కడ వలలు ఆపకపోతే మీరు కట్టేది ల్యాడర్ కాదండీ, చేపలు పట్టే మావు!