కూనలమ్మ పదంలో మూడో పాదం చేసే పని

కొంతమందిది నవత
కొంతమందిది యువత
కృష్ణశాస్త్రిది కవిత
ఓ కూనలమ్మ!

ఇది ఆరుద్ర రాసిన కూనలమ్మ పదం, అంటే "ఓ కూనలమ్మ!" అనే మకుటంతో ముగిసే చిన్న పద్యం. దీన్ని ఇక్కడ పెట్టిన మిత్రులు "ఇందులో ఛందస్సు ఉందా, ఊరికే అంత్యప్రాస కుదిర్చి రాసేశారా ఆరుద్ర?" అని అడిగారు. ఉందండీ. మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికో ఒత్తు ముందున్నదానికో సున్నా ఉన్నదానికో రెండు) లెక్కపెట్టి చూడండి. కొంత 3, మందిది 4, నవత 3. రెండో పాదమూ అంతే. మూడోది కృష్ణ 3, శాస్త్రిది 4, కవిత 3. ఒక్క మాత్ర అటూ ఇటూ కాలేదు. అందరికీ నోటికొచ్చిన ఇంకో పదం తీసుకోండి:

మధువు మైకము నిచ్చు
వధువు లాహిరి తెచ్చు
పదవి కైపే హెచ్చు
ఓ కూనలమ్మ!

ఇదీ 3-4-3. పైగా రెండో అక్షరంలో ధ, ధ, ద వరసగా పడ్డాయి. నిక్కచ్చిగా చూసేవాళ్ళు ద-ధలకు ప్రాస ఒప్పుకోరు గానీ చెవి ఒప్పుకుంటుంది. 3+4, ఆ తర్వాత 3, మిగతా 4 మాత్రలు ఊపిరి పీల్చుకోవడానికి. అంటే ఏడేసి మాత్రల నడక, మిశ్రగతి అన్నమాట, నాకు అలాగే వినిపిస్తుంది. మకుటం మాత్రం ఈ కొలతకు లొంగదు, చదివేవాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు సాగదీస్తారు. ఆ మకుటం ఆరుద్ర పుట్టించింది కాదు, జానపదుల నోట ఎప్పటినుంచో ఉన్నది.

అయితే నాకు ఛందస్సు కన్నా మూడో పాదం మీదే ఆసక్తి. మొదటి రెండు పాదాలూ మనల్ని ఒక దారిన నడిపిస్తాయి. మధువు, వధువు అనేసరికి ఇదేదో శృంగార పదం కాబోలు అనుకుంటాం. అసలు నిందితుడు మూడో పాదంలో గానీ బయటికి రాడు. "పదవి" అన్న ఒక్క మాటతో ముందు రెండింటి అర్థమూ మారిపోతుంది. పైన ఒకరు కృష్ణశాస్త్రి పదాన్ని ఎత్తిపొడుపేమో అన్నారు. నాకలా అనిపించదు. దెప్పాలనుకున్న చోట ఆరుద్ర వాక్యం తీరే మారుస్తాడు. ఇచ్చు, తెచ్చు అని వచ్చి "కైపే" అని ఒత్తి పలికి, "హెచ్చు" అని తూకం వేస్తాడు. కృష్ణశాస్త్రి పదంలో అలాంటి ఒత్తు ఎక్కడా లేదు. అదే "ది" ప్రత్యయం మూడు పాదాల్లోనూ ఉంది. మారింది సంఖ్య ఒక్కటే. "కొంతమంది" కాస్తా ఒక్కడయ్యాడు. అది పొగడ్తే.

పేరు చివరిదాకా దాచడం డిటెక్టివ్ నవల రాసేవాడి విద్య. ఆ విద్య ఆరుద్రకు బాగా వచ్చు. "త్వమేవాహం" (1949) కవిగా ఆయన్ని తలుచుకునేవాళ్ళలో చాలామంది "పలకల వెండి గ్లాసు", "ఆనకట్ట మీద హత్య" అనే ఆయన డిటెక్టివ్ నవలల సంగతి ఎత్తరు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు, టెంపోరావు నవలలు ఎగబడి చదివే రోజులున్నాయి కదా, ఆ బాటలో ఆరుద్ర కూడా నడిచాడు. సాహిత్య చరిత్రలు రాసేవాళ్ళకు ఇది కొంచెం మొహమాటం. నాకేమో "సమగ్ర ఆంధ్ర సాహిత్యం" అనే సాహిత్య చరిత్ర రాసిన ఆరుద్రా, వెండి గ్లాసు ఆరుద్రా ఒకే మనిషిలా కనిపిస్తారు. శాసనంలోనో తాళపత్రంలోనో ఆధారం దొరికిందాకా వదలకపోవడం కూడా అపరాధ పరిశోధనే కదా.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ ఆయన పుస్తకం పేరు ఒకటి, "రాముడికి సీత ఏమౌతుంది?" "రామాయణమంతా విని రాముడికి సీత ఏమౌతుందని అడిగినట్టు" అని మనం తెలివితక్కువవాణ్ణి వెక్కిరిస్తాం. ఆరుద్ర ఆ సామెత తోక పట్టుకుని, ఎగతాళి తీసేసి, నిజంగానే విచారణ మొదలుపెట్టాడు. ఇన్ని రామకథల్లో సీత రాముడికి ఏమౌతుంది? బౌద్ధుల దశరథ జాతక కథలో చెల్లెలు. జవాబు అందరికీ తెలుసనుకున్న ప్రశ్న ఒక్కసారిగా తేలని కేసైపోయింది. సామెతలో "అడిగినట్టు" తీసేస్తే చాలు, మామూలు ప్రశ్న మిగులుతుందని ఆయనకు తట్టడమే గొప్ప.

ఇక ఆరుద్ర సినిమా ప్రేమ పాటల్లోనూ ఈ మూడో పాదం కిటుకు ఉందా అని అడిగారు. అక్కడ ఈ కిటుకు నడవదు. హాల్లో కూర్చున్నవాడు మూడో పాదం దాకా ఆగడు, పల్లవి మొదట్లోనే పట్టుకోవాలి. "ఉయ్యాల జంపాల" (1965) పాటలో "కొండగాలి తిరిగింది, గుండె ఊసులాడింది" అని చెప్పాల్సిందంతా ముందే చెప్పేశాడు. కొండ-గుండె ప్రాస చూడండి. "గాలి తిరిగింది" అనేది రోజూ వాడే మాటే. గాలి దిశ మారడానికీ అంటాం, మనిషి మనసో అదృష్టమో మారడానికీ అంటాం. ఇక్కడ రెండూ పనిచేశాయి. కొత్త మాట ఒక్కటీ లేదు, సంస్కృతం ఊసే లేదు. "మోసగాళ్ళకు మోసగాడు" (1971) కౌబాయ్ కథ రాసిందీ ఈ చెయ్యే అంటే మా పిల్లలు నమ్మలేదు.

కింద ఇద్దరు సొంతంగా కూనలమ్మ పదాలు రాసి పెట్టారు. బాగున్నాయి. కానీ రెండోవారు మొదటి పాదంలోనే విషయం చెప్పేసి, మిగతా రెండూ దానికి వంత పాడించారు. పాదాల వరస తిప్పి చూడండి, మాటలు మార్చక్కర్లేదు.

ఆరుద్రకు ముందటి కూనలమ్మ పదాలు మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట విన్నవి ఉంటే దయచేసి ఇక్కడ రాయండి. ఏ ఊళ్ళో విన్నారో కూడా చెప్పండి. వాటిలోనూ ఈ 3-4-3 నిలుస్తుందా, లేక అది ఆరుద్ర దిద్దుబాటా అన్నది చూడాలి.