రన్నింగ్ బ్యాక్‌కి పాసు విసరడం వ్యూహమా, చేతగానితనమా?

షార్లెట్ మామయ్య:
మా ఇంట్లో ప్రతి ఆదివారం జరిగే గొడవను ఇక్కడికి తెస్తున్నాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అంటే క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరేవాడు) చేతికిచ్చిన బంతిని పొట్టకు అదుముకుని గుంపును చీల్చుకు వెళ్లేవాడు. ఇప్పుడేమో అతనికి పాసులు విసరడమే పెద్ద తెలివి అంటున్నారు. లెక్క చూడండి. 2024 సీజను వరకు ఒక రన్నింగ్ బ్యాక్ ఒకే సీజనులో 100 పాసులు అందుకోవడం ఆరుసార్లు జరిగింది. 1995లో అరిజోనా లారీ సెంటర్స్, జట్టు 16 మ్యాచ్‌ల్లో గెలిచినవి 4. 2003లో శాన్ డియాగో టామ్లిన్సన్, 4. 2014లో షికాగో మాట్ ఫోర్టే, 5. 2018లో మా కరొలైనా మెకాఫ్రీ, 7. 2019లో మళ్లీ అతనే, ఏకంగా 116 పాసులు, గెలుపులు 5. ఒక్క 2022లో ఎకెలర్ ఉన్న లాస్ ఏంజెలెస్ చార్జర్స్ 10 గెలిచారు. వాళ్లూ ప్లేఆఫ్‌లో 27-0 ఆధిక్యం నుంచి ఓడి ఇంటికొచ్చారు. ఇంకేం కావాలి?

రెడ్‌వుడ్:
జ్వరం వచ్చినవాళ్లే మందు మింగుతున్నారు కాబట్టి మందు వల్లే జ్వరం వస్తోంది అన్నట్టుంది మీ వాదన. ఓడిపోతున్న జట్టు పాసులే ఎక్కువ విసురుతుంది. గెలుస్తున్న జట్టు డిఫెన్స్ వెనక్కి జరిగి, దూరం పాసులకు కాపలా కాస్తూ, దగ్గరిచోటు వదిలేస్తుంది. అక్కడ ఖాళీగా ఉండేది రన్నింగ్ బ్యాకే. ఓటమి ముందు, క్యాచ్‌లు తర్వాత.

మంచి జట్టులో ఎలా ఉంటుందో చెప్తాను. 1985లో మా శాన్ ఫ్రాన్సిస్కోలో బిల్ వాల్ష్ కోచ్. రోజర్ క్రెయిగ్ పరుగుతో 1,050 గజాలు, పాసులతో 1,016 గజాలు సాధించాడు. రెండింటిలోనూ వెయ్యేసి గజాలు ఒకే సీజనులో దాటిన మొదటివాడు అతనే. 92 క్యాచ్‌లతో లీగు మొత్తానికీ మొదటివాడు కూడా, పాసులు అందుకోవడమే పనిగా ఉన్న రిసీవర్లతో కలిపి. జట్టు 10 గెలిచింది. 1999లో సెయింట్ లూయిస్ మార్షల్ ఫాక్ 1,381, 1,048. ఆ ఏడాది సూపర్‌బౌల్, అంటే లీగు ఫైనల్, వాళ్లదే. ఇందులో కిటుకు సులువు. రన్నింగ్ బ్యాక్‌ని వెంటాడాల్సింది లైన్‌బ్యాకర్, డిఫెన్స్ మధ్య వరుసలో ఉండే బరువైన మనిషి. బయటికి పరిగెత్తేవాడి వెంట వెళ్తే మధ్యలో ఖాళీ, వెళ్లకపోతే బయట ఖాళీ. ఏది చేసినా తప్పే.

ఇంకో మాట, లారీ సెంటర్స్ ఫుల్‌బ్యాక్, అంటే ముఖ్యంగా ముందుండి దారి చేసేవాడు. మీ లెక్క ఐదే.

షార్లెట్ మామయ్య:
ఫుల్‌బ్యాక్ అయితే ఏమిటి, అతనూ వెనక నుంచునేవాడే. ఆరు.

మీరు చెప్పిన ఆ వెయ్యేసి గజాల జాబితాలో మూడోవాడు కూడా ఉన్నాడు. 2019 మెకాఫ్రీ, 1,387, 1,005. ఆ పేరు దగ్గర మీ వేలు ఎందుకు ఆగిందో?

రెడ్‌వుడ్:
ఫుల్‌బ్యాక్ వేరు. ఐదు.

ఫ్రిస్కో తండ్రి:
పెద్దల మధ్య దూరుతున్నందుకు క్షమించండి. మావాడు హైస్కూలు జట్టులో రన్నింగ్ బ్యాక్. మంచి చేతులు, పెరట్లో నేను విసిరినవి పదికి తొమ్మిది పడతాడు. సీజనులో సగం అయింది, ఒక్క పాసు విసరలేదు. కోచ్‌ని అడిగితే, ముందు క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లను అడ్డుకోవడం నేర్చుకోమనండి అన్నారు. శుక్రవారం రాత్రి చలిలో కూర్చుని, వాడు తనకంటే రెండింతలున్న పిల్లల మీద పడి లేవడం చూస్తున్నాం. కాబట్టి నా ఓటు పాసుకే.

బంతిపూలు:
మా ఆయన ఆట చూస్తున్నప్పుడు అడిగితే విసుక్కుంటారు, ఇక్కడ అడుగుతున్నాను. గీత వెనకే నిలబడ్డవాడికి రెండు గజాల పాసు వేస్తే అది చేతికిచ్చినట్టు కాదా?

షార్లెట్ మామయ్య:
బంతిపూలు గారు ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది పాసు వేషం వేసుకున్న పరుగు.

రెడ్‌వుడ్:
కాదు. స్క్రీన్ పాసులో ఎదుటివాళ్లను కావాలనే మీదికి రానిచ్చి, వాళ్ల వెనకున్న ఖాళీలోకి బంతి పంపుతారు. చేతికిస్తే వాళ్లు అలా మీదికి రారు.

పోనీ, 2017 ఫిబ్రవరి సూపర్‌బౌల్. అట్లాంటా 28-3తో ముందుంది. న్యూ ఇంగ్లండ్ జేమ్స్ వైట్ 14 క్యాచ్‌లు, 110 గజాలు, మొత్తం మూడు టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించడం). 34-28తో గెలిచారు. అతనికి విసరకపోతే ఆ మ్యాచ్ ఉందా?

తెల్లవారుజాము:
హైదరాబాదులో అది సోమవారం ఉదయం 5 గంటల మ్యాచ్. 28-3 చూసి స్నానానికి వెళ్లి, తయారై ఆఫీసుకు పోయాను. దయచేసి గుర్తు చెయ్యకండి.

షార్లెట్ మామయ్య:
మీరే అన్నారు కదా, వెనకబడ్డ జట్టు దగ్గరి పాసులే విసురుతుందని! 28-3 వెనకబాటు కాదా? ఆ మూడు టచ్‌డౌన్లలో రెండు పరుగే. అదనపు సమయంలో గెలిపించిన చివరి రెండు గజాలు కూడా పరుగే.

అసలు ఆ మ్యాచ్ మలుపు వేరు. నాలుగో క్వార్టరులో న్యూ ఇంగ్లండ్ హైటవర్ దూసుకొచ్చి అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ మాట్ ర్యాన్ చేతిలో బంతి ఊడగొట్టాడు. అతన్ని అడ్డుకోవాల్సింది ఎవరు? రన్నింగ్ బ్యాక్ ఫ్రీమన్. చూసుకోలేదు. పాసు ఆటలో రన్నింగ్ బ్యాక్ మొదటి పని అది. ఫ్రిస్కో గారూ, మీ కోచ్ చెప్పింది నిజం.

ఫ్రిస్కో తండ్రి:
మీ అబ్బాయి భుజానికి మంచు గడ్డలు పెట్టిన రోజున ఈ మాట చెప్పండి.

రెడ్‌వుడ్:
అదే మ్యాచ్‌లో అట్లాంటాకు 28వ పాయింటు దాకా తెచ్చిన టచ్‌డౌన్ కూడా రన్నింగ్ బ్యాక్ కోల్‌మన్ అందుకున్న పాసే. అది మాత్రం మీకు కనబడదు.

ఈ నీతులన్నీ చెప్పే షార్లెట్ మామయ్య గారు 2019 డిసెంబరులో ఇక్కడే మిఠాయి పెట్టె ఫోటో పెట్టారు. నిజం ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టే ఆఫీసు ఫాంటసీ పోటీలో మొదటి బహుమతి, జట్టులో మెకాఫ్రీ, క్యాచ్‌కి ఒక పాయింటు. ఆ పాత చర్చ పైకి తియ్యమంటారా?

షార్లెట్ మామయ్య:
తియ్యండి. గెలిచాను, మైసూర్‌పాక్ పంచాను.

ఆ 116లో చాలావాటికి స్టేడియంలోనే చప్పట్లు కొట్టాను. పద్నాలుగు పాయింట్లు వెనకబడి ఉంటాం, రెండు నిమిషాలు మిగిలి ఉంటాయి, అతనికి మూడు గజాల పాసు, ముగ్గురు మీద పడతారు, నా ఫోనులో ఒక పాయింటు. ఓడాల్సిన మ్యాచ్ ఎలాగూ ఓడాం. ఆ మూడు గజాలు ఎవరికి కావలసి వచ్చాయి? మరుసటి ఏడాది అతను ఆడింది 3 మ్యాచ్‌లు. ఆపై ఏడాది 7. 2022 అక్టోబరులో మీ ఊరికి పంపేశారు. మా కోచ్‌లకు వేరే ఆలోచన తట్టలేదు, ఒక్క మనిషిని పిండారు. నేను చేతగానితనం అంటున్నది దాన్ని.

రెడ్‌వుడ్:
ఇది మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత గొడవ ఎందుకు? అయినా ఒప్పుకోను. రన్నింగ్ బ్యాక్‌ని ఎక్కువ నలిపేది గుంపులోకి పరుగు. బయట పాసు అందుకుంటే ఎదురయ్యేది తన బరువులో ఉండే ఒక్కడు. డబ్బు సంగతీ చూడండి. 2023లో ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఒప్పందం ముగిసినవాణ్ణి జట్టు ఇంకో ఏడాది ఆపుకునే పద్ధతి) కింద రిసీవర్‌కి ఏడాదికి 1.97 కోట్ల డాలర్లు, రన్నింగ్ బ్యాక్‌కి 1.01 కోట్లు. 2018లో రన్నింగ్ బ్యాక్ లెవియన్ బెల్ సీజను మొత్తం ఆడకుండా కూర్చున్నది, నేను రెండు పనులు చేస్తున్నాను కదా అనే. పాసులు ఆపేస్తే అలా అడగడానికి ఆధారం కూడా ఉండదు.

మెకాఫ్రీ మా దగ్గరికి వచ్చాక 2023లో పరుగుతో 1,459 గజాలు, 67 క్యాచ్‌లు. అటాక్‌లో లీగు ఉత్తమ ఆటగాడు. వాడుకోవడం తెలిసినవాళ్ల చేతిలో అలా ఉంటుంది.

షార్లెట్ మామయ్య:
2024లో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు?

రెడ్‌వుడ్:
4.

షార్లెట్ మామయ్య:
రెండు పనులు చేసి, బెల్‌కి రెండో పనికి జీతం వచ్చిందా?

రెడ్‌వుడ్:
రాలేదు. పని మానేస్తే వస్తుందా?

బంతిపూలు:
మా ఆయన ఇది చదివి, ఫుల్‌బ్యాక్ లెక్కలోకి రాడు, ఐదే అంటున్నారు.

షార్లెట్ మామయ్య:
ఆరు అని చెప్పండి.

ఫ్రిస్కో తండ్రి:
నిన్న రాత్రి మావాడికి మొదటి పాసు విసిరారు. అందుకోకముందే ఎటు పరిగెత్తాలా అని చూశాడు, జారిపోయింది. ఆ తర్వాత మళ్లీ అడ్డుకోవడానికే పెట్టారు. ఇద్దరిని గట్టిగా నిలిపాడు. ఇంటికొచ్చేదాకా కారులో మాట్లాడలేదు.

రెడ్‌వుడ్:
రేపు పెరట్లో టెన్నిస్ బంతితో మొదలుపెట్టండి. చేతుల్లో పడేదాకా చూపు తిప్పనివ్వకండి.

షార్లెట్ మామయ్య:
ఆ ఇద్దరినీ ఎలా నిలిపాడో వీడియో ఉంటే పెట్టండి.