కేఎస్ టెస్ట్ పాస్, షపీరో ఫెయిల్: ఏది నమ్మాలి?

ప్రశ్న:
25 కిలోల బియ్యం బస్తాలు 200 తూచిన డేటా ఇది. కాటా 10 గ్రాముల మెట్లలో చూపిస్తుంది. సగటు 25.18 కిలోలు, ఎస్‌డీ (ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ చెదురు) 120 గ్రాములు. బరువులు నార్మల్ (గంట ఆకారపు) పంపిణీలో ఉన్నాయో లేదో చూద్దామని, గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో కేఎస్ (కొల్మొగొరోవ్-స్మిర్నోవ్) టెస్టుకి ఇదే సగటు, ఇదే ఎస్‌డీ ఇస్తే డీ (డేటా మెట్ల వక్రానికీ నార్మల్ వక్రానికీ మధ్య అతి పెద్ద ఎడం) 0.067, పి-విలువ (నిజంగా నార్మలే అయితే ఇంత లేదా ఇంతకంటే పెద్ద ఎడం వచ్చే అవకాశం) 0.33 వచ్చాయి. నార్మల్ అవునో కాదో చూసే మరో టెస్ట్ షపీరో-విల్క్‌లో మాత్రం పి 0.01 కంటే తక్కువ. పైగా 'టైస్' (ఒకే విలువ మళ్లీ మళ్లీ రావడం) అని ఒక వార్నింగ్. నార్మల్ అనుకోవచ్చా?

జవాబు 1:
చిక్కంతా ఆ 'ఇదే సగటు' దగ్గరే ఉంది. సగటు, ఎస్‌డీ డేటా చూడకముందే తెలుసనుకుని కేఎస్ హద్దులు (డీ దాటితే నార్మల్ కాదనే గీతలు) లెక్కగట్టారు. డేటాలోంచే తీసి ఇస్తే వక్రం డేటాకి అతుక్కుపోతుంది, డీ తగ్గిపోతుంది. మామూలు 5 శాతం హద్దు 1.36/√200, అంటే 0.096. మీ పద్ధతికి 1967 నాటి లిల్లీఫోర్స్ హద్దు వాడాలి: 0.886/√200 = 0.063. మీ 0.067 దాన్ని దాటింది. రెండు టెస్టులూ ఒకే మాట చెబుతున్నాయి: నార్మల్ కాదు.

నార్మల్ బదులు గామా, వైబుల్ లాంటి వేరే పంపిణీలైతే ఫిట్ చేసిన వక్రం నుంచి 1000 శాంపిళ్లు తీసి, ప్రతిదానికీ పారామీటర్లు (వక్రాన్ని నిర్ణయించే సంఖ్యలు) మళ్లీ ఫిట్ చేసి డీ లెక్కించి, మీ డీని వాటితో పోల్చండి. ఆ 'మళ్లీ' మర్చిపోతే పాత తప్పే.

జవాబు 2:
టైస్ గురించి: 10 గ్రాములకి భయం లేదు. అదే 50 గ్రాముల కాటా అయితే సగటు దగ్గర ఒక్కో మెట్టు ఎత్తు సుమారు 0.17. అందులో సగం, 0.08, ఉత్త రౌండింగ్ వల్లే డీలోకి వస్తుంది. అప్పుడు కై-స్క్వేర్ టెస్టే (బరువుల్ని గడులుగా విడగొట్టి, ప్రతి గడిలో ఉన్న సంఖ్యని ఆశించే సంఖ్యతో పోల్చేది) దిక్కు. గడుల అంచులు రెండు రీడింగుల మధ్య పడాలి, ప్రతి గడిలో ఆశించే సంఖ్య 5కి తగ్గకూడదు. 10 గడులైతే స్వేచ్ఛాంకాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్: గడుల్లోంచి 1, డేటా నుంచి తీసిన సగటు, ఎస్‌డీలకి 2 తీసేస్తే మిగిలేవి) 10−1−2 = 7, హద్దు 14.07. కాకపోతే సగటు, ఎస్‌డీ విడి బరువుల నుంచి తీశారు కాబట్టి అసలు హద్దు 14.07కీ 16.92కీ (9 స్వేచ్ఛాంకాలు) మధ్య ఎక్కడో ఉంటుంది. విలువ ఆ మధ్యలో పడితే తీర్పు చెప్పకండి.

జవాబు 3:
పి-విలువ పక్కన పెట్టి క్యూక్యూ ప్లాట్ (డేటాని నార్మల్‌లో ఆశించే విలువలతో పోల్చే గ్రాఫ్) ఎడమ కొస చూడండి. 25 కిలోలంటే సగటుకి ఒకటిన్నర ఎస్‌డీ కింద. నార్మలే అయితే 200లో 13 బస్తాలు 25కి తక్కువ ఉండాలి. మీ దగ్గర ఎన్ని?

అడిగినవారు:
ఒక్కటీ లేదు. తక్కువ తూగితే గుప్పెడు బియ్యం పోసి మళ్లీ కాటా వేస్తారు.

జవాబు 3:
ఉండాల్సినవి కచ్చితంగా 13.4, ఉన్నవి సున్నా: 13.4/200 = 0.067. మీ డీ అక్కడిదే. పోయకముందు తూకాలు రాయించి, వాటి మీద టెస్ట్ చేయండి.