విక్రాంత్ మోడల్‌లో స్కీ జంప్ వంపు నిలవట్లేదు, హెల్ప్ ప్లీజ్
విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ మోడల్ 1:350 స్కేల్‌లో చేస్తున్నా, కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో కట్టి 2022లో నేవీలో చేరిందే అది. అసలు షిప్ 262 మీటర్లు కాబట్టి నా డెక్ దాదాపు 75 సెంటీమీటర్లు, 3 ఎంఎం సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ ప్లాస్టిక్ షీట్). మిగతాదంతా బానే వచ్చింది (ఐలాండ్, అంటే డెక్ మీద టవర్‌లా ఉండేది, అయితే సూపర్). గొడవంతా ముందున్న స్కీ జంప్‌తోనే (డెక్ ముందు చివర పైకి వంగి ఉండే భాగం), 14 డిగ్రీలు రావాలి, హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి వంచితే అప్పటికి బానే ఉంటది, చల్లారాక క్లిప్పులు తీస్తే పొద్దునకల్లా సగం చదునైపోతోంది. అడుగున గాట్లు పెట్టి వంచితే పైన అడ్డగీతలు తేలాయి, పెయింట్ వేశాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. కాటాపుల్ట్ (విమానాన్ని ముందుకు విసిరే యంత్రం) లేని షిప్ కదా, మిగ్-29కే ఫైటర్ విమానం గాల్లోకి లేచేదే ఆ వంపు మీంచి, అదే తేడాగా ఉంటే ఇంకెందుకు. డెక్ మొత్తం మార్చకుండా, పైన గీతలు పడకుండా ఆ వంపు అలాగే నిలవాలంటే ఏం చేయాలి?